ముప్పై ఒకటో బిళ్ల

సౌదీలో మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు కాగితాల చుట్టూ తిరిగే మనిషి. నేను ఆ మనిషి చుట్టూ తిరిగే మనిషిని. జిజాన్ రేవులో పడవ ఎక్కేముందు మా మందూబ్ నా చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. మొదటిది జగిత్యాల వైపు పెద్దాయన ఒకాయన ఫైనల్ ఎగ్జిట్, ఇక ఇంటికి పోవచ్చనే అనుమతి. రెండోది ఆయన సంతకం చేయాల్సిన క్లియరెన్స్. ఎగ్జిట్ గడువు మర్నాటితో సరి. విమానం మర్నాడు పొద్దున. సంతకం లేనిదే కంపెనీ ఆయన్ని వదలదు. గడువు దాటితే ఆయన ఇకామా, అంటే ఇక్కడ ఉండే కార్డు కూడా చెల్లదు. ఇరవై రెండేళ్లు పద్ధతిగా పనిచేసిన మనిషి ఒక్క పూటలో దొంగ లెక్కలోకి వెళ్లిపోతాడు.

మూడున్నర పడవకు ఆయన్ని వెంటబెట్టుకుని రావాలి. ఒక మనిషి, ఒక సంతకం. నాకు అప్పజెప్పిన పనుల్లో ఇంత చిన్నది ఎప్పుడూ లేదు కాబట్టి అప్పుడే అనుమానం రావలసింది.

ఆయనున్నది సముద్రంలో ఒక దీవి. దీవి కొసన ఒక చక్కెర ఊరు. ఎక్కడెక్కడి దీవుల నుంచో ముడి చక్కెర ఓడల్లో వచ్చేది. ఇక్కడి ఫ్యాక్టరీ దాన్ని తెల్లగా చేసి సంచుల్లో నింపి పంపేది. ఏడు నెలల కింద ఫ్యాక్టరీ మూసేశారు. ఊరంటే ఒక్క వీధి. ఒక లాండ్రీ, ఒక మలయాళీ చాయ్ కొట్టు, ఒక మంగలి షాపు, ఒక మొబైల్ రీచార్జి డబ్బా. అన్నిటికీ షట్టర్లు దించి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎగిరిన చక్కెర పొడి సముద్రపు చెమ్మకు కరిగి, ఎండకు గట్టిపడి, గోడలకూ షట్టర్లకూ కరెంటు తీగలకూ ఒక తోలులా అంటుకుపోయింది. మాడిన బెల్లం వాసన.

నా వెనక ఎవరో నడుస్తున్నారు. చప్, చప్, చప్. నేను ఆగితే ఆగుతున్నారు. మూడుసార్లు వెనక్కి చూశాక తెలిసింది, రోడ్డుకు అంటుకుని ఊడుతున్న నా చెప్పులే. తర్వాత ఆ సంగతి తెలిసి కూడా ఇంకో రెండుసార్లు చూశాను.

మంగలి షాపు గోడను నాలుగు జింకలు నాకుతున్నాయి. ఆ దీవిలో జింకలు మామూలే, అవి గోడలు నాకడం మాత్రం నేనెక్కడా వినలేదు. ఒక్కటీ బెదరలేదు. వరసలో నిలబడి ఉంటే మధ్యలో దూరడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు నన్ను చూసి, మళ్లీ గోడకేసి తిరిగాయి. కింద చూశాను. అంత చక్కెరలో ఒక్క చీమ లేదు.

ఫ్యాక్టరీ గేటు తెరిచే ఉంది. లోపల నాలుగంతస్తుల ఎత్తున ఇనుప గోపురం. చక్కెర నిలవచేసే సైలో. దాని అడుగున మనిషి దూరేంత గుండ్రటి కంత. కంతకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఒక ముసలి వీపు.

వీపు తిరక్కుండానే మాట్లాడింది. "గేటు కాడ పుస్తకంల పేరు రాసి రా తమ్మీ. ఎంతమంది?"

"ఒక్కన్నే మామా. ఆపీసు నుంచి వచ్చినా."

"రాసి రా."

ఎవరూ లేని ఊళ్లో, ఎవరూ చదవని పుస్తకంలో పేరు రాసి వచ్చాను. నా పైన ఉన్న పేర్లన్నీ ఒకే మనిషివి, ఒకే చేతివి, ఏడు నెలలవి. పొద్దున లోపలికి, సాయంత్రం బయటికి.

ఎదురుగా వచ్చి చూస్తే పెద్దాయన బాగానే ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు, చొక్కా గుండీలు మెడదాకా ఉన్నాయి. పక్కన టార్చిలైటు, ఒక పెద్ద పానా. నేను ఎగ్జిట్ కాగితం చూపించి, అభినందనల లాంటిదేదో గొణిగి, క్లియరెన్సూ పెన్నూ చేతికిచ్చాను.

ఆయన చదివాడు. చదివి తిరిగి ఇచ్చేశాడు.

"గిది నేను పెట్ట."

"ఎందుకు మామా?"

"ఏం రాసిండ్రో సూడు. 'లోపట ఎవలు లేరు, ఫ్యాక్టరీ ఖాళీ' అని రాసిండ్రు. లేరని నేనెట్ల పెడ్త సంతకం?"

కుర్చీ వెనక గోడకు ఒక చెక్క పలక ఉంది. నలభై కొక్కేలు. లోపలికి దూరే ప్రతి మనిషీ తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ల కొక్కేనికి తగిలించి వెళ్లాలి, బయటికి వచ్చి తనే తీసుకోవాలి. బిళ్ల ఉన్నంతసేపూ మూత వేయకూడదు, మోటారు తిప్పకూడదు. ముప్పై తొమ్మిది కొక్కేలు ఖాళీ. ఒక్కదానికి బిళ్ల వేలాడుతోంది. ముప్పై ఒకటి.

అప్పుడు సైలోలోంచి చప్పుడొచ్చింది. ఠంగ్.

పెద్దాయన పానా తీసుకుని ఇనుము మీద మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు.

"ఎండకు ఇనుము సాగుతాది మామా. మా ఇంటి రేకులు కూడా ఇట్లనే అంటాయి," అన్నాను.

"ఎర్కనే. నాకు గుడ ఎర్కనే. జవాబియ్యకపోతె ఎట్ల మరి?"

సంగతి ఆయనే చెప్పాడు. నేను అడగలేదు.

ఈ కంత దగ్గర కూర్చోవడమే ఆయన ఉద్యోగం. హోల్ వాచ్ అంటారు. లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఒక మనిషి ఉండాలి. తినడానికైనా, ఒంటేలుకైనా, ఇంకొకడు వచ్చి కూర్చున్నాకే లేవాలి. ఫ్యాక్టరీ మూసిన రోజు ముప్పై ఒకటో నంబరతను గోడలకు పట్టిన చక్కెర గొరగడానికి లోపలికి వెళ్లాడు. నిర్మల్ వైపు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, వచ్చి మూడు వారాలు. బయటికి వస్తానంటే ఈయనే "ఇంక కొంచమే ఉంది, గీకి రా" అన్నాడట. అంతలో ఆఫీసు నుంచి కేక. ఫ్యాక్టరీ మూత, అందరూ వచ్చి వేలిముద్ర వేసి పడవ ఎక్కండని. అందరూ పరుగెత్తారు. ఈయన కూడా లేచాడు.

"పది నిమిషాలు తమ్మీ. ఇరవై రెండేండ్లల్ల కుర్సీ ఇడిచింది గదొక్కటే."

తిరిగి వచ్చేసరికి బిళ్ల ఉంది. పిలిస్తే పలుకు లేదు. టార్చి వేసి చూస్తే లోపల ఒక పక్క చక్కెర గోడ పెళ్లగా కూలి ఉంది. సూపర్‌వైజరుకు చెప్పాడు. ఆయన పడవ జాబితా చూపించాడు, నలభై పేర్లకీ టిక్కులున్నాయి. తర్వాత జిజాన్‌లో మనిషి కనబడకపోయేసరికి ఆఫీసువాళ్లు ఖల్లివెల్లి అని రాసుకున్నారు. కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణి ఇక్కడ మనవాళ్లు అలాగే అంటారు. కాపలాకు ఒక మనిషి కావాలంటే ఈయన చేయెత్తాడు. కాపలా అని వాళ్లనుకున్నారు.

నేను కంతలోకి టార్చి వేశాను. కూలిన చక్కెర రాయిలా గట్టిపడి, లోపలి చెమ్మకు తేనెరంగు తిరిగి మెరుస్తోంది. ఏడు నెలల్లో ఈయన తవ్వినంత మేర ఒక గూడులా ఉంది, రెండు మూరలుండదు. గూడులోంచి చల్లటి తియ్యటి గాలి మొహానికి కొట్టింది. జోకు ఒకటి సిద్ధంగానే ఉంది, వేయలేదు.

టైము ఒకటిన్నర దాటింది.

"మామా, నీ సంతకం నేను పెడ్తా. నాకు మా హెడ్మాస్టరు సంతకమే వచ్చు, నీదెంత?"

"పెట్టు. అండ్ల మనిషుంటే, నువ్వు గుడ మూత పెట్టినట్టు."

పెన్ను జేబులో పెట్టేసుకున్నాను.

"ఆయప్ప ఇంటికి ఫోన్ చేసి కనుక్కోల్యా? నంబరు ల్యాదా?"

పెద్దాయన మొదటిసారి కంత మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. నంబరు ఉంది. వచ్చిన కొత్తలో అతను ఈయన ఫోన్ నుంచే ఇంటికి మాట్లాడేవాడు. ఏడు నెలలుగా ఆ నంబరు ఈయన జేబులోనే ఉంది.

"మరి ఎందుకు చెయ్యల్యా?"

"సేస్తె? ఆయన భార్య 'ఫోన్ రాలే' అంటే?"

నాకు ఆగి ఆలోచించే అలవాటు లేదు. ఆయన ఫోన్ తీసుకుని నొక్కేశాను, స్పీకరు పెట్టాను. అవతల ఎక్కడో కోళ్లు, టీవీ. ఒక ఆడమనిషి.

"ఎవలు మాట్లాడేది?"

"అక్కా, నేను సౌదీ నుంచి. మీ ఆయన పనిచేసిన కంపెనీ నుంచి మాట్లాడతాండా. ఆయన మీకు ఫోన్ చేస్తాండాడా?"

టీవీ చప్పుడు ఆగిపోయింది. కోళ్లు కూడా ఆగినట్టే అనిపించింది.

"లేదు," అంది. "ఫోన్ రాక ఏడు నెలలాయె. ఏడున్నడో మాకు తెల్వది. మల్ల జెయ్యకున్రి." పెట్టేసింది.

పెద్దాయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతవరకూ ఆ చోటు భయంగా ఉందంటే దానికి చప్పుళ్లున్నాయి, జింకలున్నాయి, నా చెప్పులున్నాయి. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. ఆ తేనెరంగు గోడ అలా మెరుస్తూనే ఉంది, నేను దాన్ని చూడకుండా ఉండటానికి కంత చుట్టూ ఉన్న ఒక్కో బోల్టూ లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఆ ఫోన్ చేయకుండా ఉంటే ఎంత బాగుండేదో ఒక్కో బోల్టు దగ్గరా అనుకున్నాను.

పావుగంటకు పెద్దాయన ఫోన్ మోగింది. సౌదీ నంబరే, కొత్తది. ఆయన చేయి కదల్లేదు. నేనే ఎత్తాను.

"ఎవడ్రా నువ్వు?" అవతల మగగొంతు అరుస్తోంది. వెనక గాలి హోరు. "మా ఇంటికెందుకు జేసినవ్? ఆడమనిషిని బెదిరిస్తర్రా? నేను ఏ కంపినీల లేను, నాకే కంపినీ తెల్వదు!"

పెద్దాయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"ముప్పై ఒకటి?"

గాలి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత గొంతు చిన్నదైంది. "కాకా?"

"ఏడున్నవ్?"

"గుట్టల మీద. అభా దిక్కు." కొంచెం ఆగి, "ఎవలకు జెప్పకు కాకా. దండం పెడ్త."

"ఎట్ల బయటికొచ్చినవ్?"

"గా కంతలకెళ్లే. నువ్వు ఆపీసుకు పోయినవ్ గద. చాపల పడవోనితోని ముందుగాలనే మాట్లాడుకున్న. బిళ్ల ఉంటే లోపట్నే ఉన్న అనుకుంటరు, పడవ కాడ దేవులాడరు అని ఇడిచిపెట్టి వచ్చిన."

పక్కనుంచి నేను లెక్క వేసుకున్నాను. పడవ దాకా నిమ్మళంగా నడవడానికి అతనికి కావలసింది ఒక అరగంట. ఆ అరగంట కోసం తగిలించిన బిళ్ల ఏడు నెలలు పనిచేసింది. ఇత్తడి గట్టిది.

"బయటికొచ్చినంక హోల్ వాచ్‌కు చెప్పాలె గద," అన్నాడు పెద్దాయన. తిట్టలేదు. కొత్తవాడికి పని నేర్పుతున్నట్టు అన్నాడు.

"చెప్తే పోనిస్తువా?"

"పోనియ్య."

"గందుకే."

పెద్దాయన గోడ మీది బిళ్ల వైపు చూశాడు.

"నువ్వింక ఆడ్నే ఉన్నవా కాకా? పిస్స లేసిందా నీకు?"

"ఎన్ని గంటలకొచ్చినవ్ బయటికి?"

"నాకేం యాదికుంటది?"

"యాది జేసుకో."

"... జొహర్ అజా అయితుండె."

పెద్దాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఫ్యాక్టరీ మూసిన నాటి పర్మిట్. లోపలికి వెళ్లిన టైము రాసి ఉంది, బయటికి వచ్చిన టైము గడి ఖాళీ. నా పెన్ను అడిగి తీసుకుని, గడిలో జొహర్, అంటే మధ్యాహ్నం నమాజు వేళకు సరిపోయే టైము వేశాడు, కింద సంతకం చేశాడు. అదే ఊపులో నా క్లియరెన్స్ మీద కూడా. రెండు సంతకాలకూ తేడా లేదు. బిళ్ల తీసి, తుడిచి, కుర్చీ మీద పెట్టి, మూత బిగించడానికి నన్ను రెండో పక్క పట్టుకోమన్నాడు. ఇరవై నాలుగు బోల్టులు. టైము మూడు కావస్తోందని నేను ఎనిమిదే చాలన్నాను. ఆయన వినలేదు.

గేటు దాకా వచ్చాక వెనక మళ్లీ అయింది. ఠంగ్. ఆయన తిరగలేదు, సంచి భుజం మార్చుకున్నాడంతే. నేను తిరిగి చూశాను. ఎండ వాలుతోంది, ఇనుము చల్లారుతుంది, దగ్గరపడుతుంది. ఇనుము సంగతి నేనే ఆయనకు చెప్పాను కదా. ఆ వెంటనే రెండోది, మూడోది కూడా అయ్యాయి. ఇనుముకు లెక్క తెలియదని నాకు నేను చెప్పుకుని, మర్యాద ఉన్నంతలో వీలైనంత వేగంగా నడిచాను.

పడవలో ఏసీ గది ఉంది. పెద్దాయన వెళ్లలేదు. పై డెక్కు మీద బల్ల చూసుకుని, సంచి తలకింద పెట్టుకున్నాడు.

"నేను జరసేపు పంట తమ్మీ."

"పండుకో మామా, గంట దాకా ఏం ల్యాదు. నేను కిందికి పోయి టీ తాగొస్తా."

ఆయన అప్పటికే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చేతులు రెండూ పొట్ట మీద, పసిపిల్లలు కూడా అంత త్వరగా పోరు. నేను రెండడుగులు వేశాను. మళ్లీ వచ్చి బల్ల పక్కన కూర్చున్నాను. కింద టీ బాగుండదని విన్నాను లెండి.