పైకప్పు లేని చోట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒకసారి సముద్రపు ఒడ్డున ఒక మారుమూల పల్లెకు ఒక్కణ్ణే పోయాను. సముద్రాన్ని చూడటం నాకదే మొదలు. సాయంత్రం తిరుగు బస్సు కోసం ఇసుక మీద కూర్చుంటే, వెనక పెద్ద అల విరిగి పడింది. నేల అదిరింది.

నేను పనిచేసే బెల్లంపల్లి బొగ్గుబాయిలో, గని లోపల పైకప్పు కూలినప్పుడు ఇట్లాగే అదురుతుంది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ముడుచుకుపోయాను. కాసేపటికి కళ్ళు తెరిస్తే, పక్కన బస్సు కోసమే కూర్చున్న ఒక పెద్దాయన కూడా అచ్చం నాలాగే చేతులు నెత్తిన పెట్టుకుని ఉన్నాడు.

"ఏ బాయి తమ్మీ?" అన్నాడు మెల్లగా.

"బెల్లంపల్లి. నువ్వీడికెట్ల వచ్చినవే అన్నా?"

"గీ ఊరికి ఇల్లరికం వచ్చిన. బాయిపని ఇడిసి శానేండ్లాయె. భయమే ఇడుస్తలేదు."

మళ్ళీ అల పడింది. నేను మళ్ళీ ముడుచుకుపోయాను.

"ఫికర్ జెయ్యకు. జర పైకి చూడు. కప్పు లేదు, మొగులే ఉన్నది."

చూశాను. నిజమే, పైన ఆకాశమే. తల దించేసరికి ఆయన చేతులు మాత్రం ఇంకా నెత్తి మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగాను. ఆ పూట పైకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.