కూసోనా అని అడిగిన ఆమె

మా చెల్లెలు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆ మనిషికి తెల్లచీర కడుతది. మల్లెపూల వాసన కూడా వచ్చిందంటది. అంతా ఝూట్. ఆ రోజు చెల్లె ఛత్రినాకలో మా ఇంట్లనే ఉన్నది. చూసింది నేను. చీర ముదురు ఆకుపచ్చ, అంచు వెలిసింది. పట్టపగలు. వాసనంటరా, పక్కన మురికినీళ్ల మోరీ వాసన తప్ప ఇంకోటి లేదు.

దయ్యాలను నేను అప్పుడు నమ్మలే. ఇప్పుడు నమ్మమన్నా కొట్లాటకు వస్త.

డెబ్బైల నాటి మాట. ఇంటర్ అయిపోయింది. నాకేమో బొమ్మల కాలేజీలో చేరాలని. బాపు సర్కారు ఆఫీసుల గుమస్తా. బొమ్మలేసి ఏం తింటవని రోజూ లొల్లి. ఆఖరుకు ఒక మాట మీద ఆగినం. లాల్‌దర్వాజా దగ్గర, ఎప్పుడో చనిపోయిన ఒక పెద్ద చిత్రకారుడి ఇంట్ల బొమ్మల పోటీ పెడుతున్నరు. అండ్ల ప్రైజు తెస్తే బొమ్మల కాలేజీ, లేకుంటే బీకాం.

ఆ ఇంటి ఆవరణలో కూర్చుని, కండ్ల ముందు ఉన్నదే నీటిరంగులతో వెయ్యాలె. ఊహించి వేస్తే లెక్కలకు రాదు. లోపలి గదులు మాత్రం పోటీ అయినంకనే తెరుస్తమన్నరు.

అందరూ ముందటి దర్వాజా చుట్టూ చేరిన్రు. దోస్తులతోని వచ్చిన్రు, టిఫిన్ డబ్బాలు, నవ్వులు. నాతోని ఎవరూ రాలే. వచ్చినా నా నోటికి ఎంతసేపు నిలుస్తరు! వెనక పెరట్లకు పోయి ఒక్కదాన్నే కూర్చున్న.

అక్కడ వంటింటి తలుపు తెరిచి ఉన్నది. గుమ్మంల ఒకామె నిలబడ్డది. యాభై దాటి ఉంటది. ఒక చెయ్యి తలుపు చౌకట్టు మీద, మొహం కొంచెం పక్కకు. కావలి ఉండేటోళ్ల మనిషనుకున్న. మంచిగ నిలబడ్డది గదా అని వెయ్యడం మొదలువెట్టిన. ఎంతసేపైనా కదలలే. అట్ల నిలబడుడు అలవాటున్నోళ్లకే వస్తది.

కాగితం మీద మనిషి బొమ్మ దాదాపు అయిపోయింది. మొహం మీద రంగు ఆరుతున్నది. అప్పుడు అడిగింది, మెల్లగ.

"బిడ్డా, ఇగ కూసోనా?"

"కూసో అమ్మా, నిన్ను నిలబడమన్నదెవరు?" అన్న.

గడప మీద కూసున్నది. కాళ్లు చాపుకొని మోకాళ్లు రుద్దుకున్నది. ఆ మొహంల వచ్చిన నెమ్మది చూసి నాకేమైందో, తడిగుడ్డతోని నిలబడ్డ మనిషిని తుడిచేసిన. నీటిరంగులు వేసేటోళ్లు ఎవరూ చెయ్యని పని. కాగితం పీల్చుకున్న రంగు పూర్తిగ పోదు. కూసున్న మనిషిని వేసిన గని, ఆమె వెనక నిలువుగ ఒక ఆకుపచ్చ మరక ఉండిపోయింది.

గంట కొట్టిన్రు. బ్రష్షు కడిగి తలెత్తేసరికి ఆమె లేదు.

జడ్జి నా కాగితం చూసి మొహం చిట్లించిండు. "మరక సంగతి పక్కన పెట్టు. ఈ మనిషి ఎక్కడిది? ఇంట్ల ఎవరూ ఉండరమ్మా."

నేను ఊకుంటనా? రా సార్ చూపిస్త అని పెరట్లకు తీసుకపోయిన. వంటింటి తలుపుకు బయటనుంచి తాళం. తుప్పు పట్టి ఉన్నది. గడప మీద దుమ్ము చెదరలే. నేను వేసిన బొమ్మల మాత్రం తలుపు తెరిచే ఉన్నది.

నా కాగితం పక్కన పడేసిన్రు.

తర్వాత లోపలి గది తెరిచిన్రు. గోడల నిండా ఆమెనే. పడుచుదనం నుంచి తల నెరిసేదాకా. చెయ్యి చౌకట్టు మీద, మొహం పక్కకు. ఒక్క బొమ్మల కూడా కూసోలేదు. "ఆయన భార్య. ఆయనకంటె ముందే పోయింది" అన్నడు జడ్జి. నా దిక్కు చూడకుంట అన్నడు. ప్రైజు మాత్రం ఇయ్యలే.

ముందే కిటికీలకెళ్లి తొంగి చూసి ఉంటవు అంటరు తెలివైనోళ్లు. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నయి సారూ. అయినా, ఆ గోడల మీది బొమ్మలు చూసి వేసేదాన్నయితే నిలబడ్డ మనిషినే ఉంచేదాన్ని గదా. తుడిచి కాగితం ఎందుకు చెడగొట్టుకుంట?

బాపు ఆ కాగితం చాలాసేపు చూసిండు. "పాపం, కాళ్లు నొస్తున్నట్టున్నయి ఆమెకు" అన్నడు. అయినా బీకాంలనే చేర్పించిండు.

ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగం, ఇప్పటికీ ఒక్కదాన్నే కిరాయి ఇంట్ల. కాగితం నా మంచం ఎదురుగ ఉన్నది. పొద్దున లేస్తే మొదలు కనపడేది ఆమెనే.

దయ్యమా కాదా అన్న పంచాయితీ నాకొద్దు. నిలబడమన్నాయన పోయి అప్పటికే ఎన్నేండ్లాయె. ఆమె పోయి అంతకంటె ఎక్కువే. మరి ఉత్త కూసోనీకి, ముక్కూ మొహం తెల్వని పోరిని నన్నెందుకు అడిగింది?