చిన్నికి నడక నేర్పిన చిన్నబాపు

మా చిన్నబాపు పోయాడన్న మాట నాకు తమ్ముడి ఫోనులో తెలిసింది. వానలు మొదలైన వారం అది. నేను సూరత్‌లోనే, గోడాదరాలో చెల్లెలింట్లో ఉన్నాను. వాళ్లు కొత్త గదిలో దిగుతున్నారని వ్రతం పెట్టుకున్నారు. పీట మీద బియ్యం పోస్తుంటే ఫోను మోగింది.

“అక్కా, చిన్నబాపు లేడే. పొద్దుగాల గుర్రాలకు దాణా వెట్టి గోడకు ఆనుకొని కూసున్నడు. కూసున్నోడు లేవలే.”

నేను అడిగిన మొదటి మాట ఇది: “నిన్న తోటకు ఎవలన్న వచ్చిండ్రా?”

“నేనేం జెప్తున్న, నువ్వేం అడుగుతున్నవక్కా” అని తమ్ముడు ఫోను పెట్టేశాడు.

ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో దాచి ఆయన గురించి రాయలేను. అందుకని అది కూడా రాస్తున్నాను.

చిన్నబాపు మా బాపుకు, అంటే మా నాన్నకు, తోడబుట్టిన తమ్ముడు. ఇద్దరూ కరీంనగర్ పల్లెల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్లే. లింబాయత్‌లో ఒక గదిలో పన్నెండు మంది. పగటి షిఫ్టు వాళ్లు లేచిన చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పడుకునేవారు. పెళ్లిళ్ల రోజుల్లో బాపు వరుడి గుర్రం పట్టుకొని నడిచే పనికి కూడా పోయేవాడు. ఆ గుర్రాల యజమాని ముసలివాడై పని మానేసినప్పుడు ఒక ఆడగుర్రాన్ని బాపుకే ఇచ్చేశాడు. దానికి బాపు రాజవ్వ అని మా నాయనమ్మ పేరు పెట్టాడు. సూరత్ బయట జోల్వా దగ్గర చెరుకు చేల వెనక మా తోట ఆ గుర్రంతోనే మొదలైంది. ఇప్పుడు చుట్టూ పవర్‌లూమ్ షెడ్లు వచ్చాయి. పగలంతా మగ్గాల చప్పుడు, మధ్యలో మా గుర్రాల సకిలింపులు.

రాజవ్వది రేవాల్ నడక. గుర్రాల సంగతి తెలియనివారికి ఒక మాట చెబుతాను. మామూలు గుర్రం జోరుగా పోయేటప్పుడు కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ కలిసి లేస్తాయి. ఎక్కినవాడు ఎగిరెగిరి పడతాడు. రేవాల్ గుర్రానికి ఒక పక్క కాళ్లు రెండూ జోడుగా సాగుతాయి. పైనున్న మనిషి కదలడు. చేతిలో నిండు చెంబు పట్టుకొని చేను చుట్టి వచ్చినా చుక్క తొణకకూడదు. ఇక్కడి వాళ్లు పెట్టే పరీక్ష అదే. కొన్నిటికి ఈ నడక పుట్టుకతో వస్తుంది. రానివాటికి ఒక పక్క ముందుకాలినీ వెనకకాలినీ తాడుతో కలిపి కట్టి నెలల తరబడి నేర్పుతారు. అలా నేర్చినదాన్ని సవారీకి కొంటారు గానీ ఈనించడానికి కొనరు.

“రాజవ్వ కడుపుల వడ్డదానికి తాడు వాసన గూడ తెల్వది” అని బాపు ప్రతి గుర్రాల సంతలో చెప్పేవాడు. నిజమే. దాని మొదటి నలుగురు పిల్లలకీ ఎవరూ తాడు కట్టలేదు. మా తోటకు పేరు వచ్చింది ఆ ఒక్క మాటతోనే.

ఆ పిల్లలను సవారీకి తయారు చేసింది మాత్రం చిన్నబాపు. ఆయన మగ్గాలు బాగుచేసే మిస్త్రీగా చేసిన మనిషి. షెడ్డు నిండా మగ్గాలు ఆడుతుంటే ఏది తప్పు కొడుతోందో కళ్లు మూసుకొని చెప్పేవాడట. గుర్రాల దగ్గర కూడా అంతే. తమ్ముడు గుర్రం మీద తిరుగుతుంటే ఆయన అటు వీపు పెట్టి కూర్చునేవాడు. చూడవేమని నేనడిగితే, “చూస్తే అందంగున్నదే మంచిగ నడ్సినట్టు గొడ్తది బిడ్డా. జర నువ్వు గూడ ఇటు మర్రి కూసో” అనేవాడు. బీడీ చెవి మీద ఉండేది, వెలిగించేవాడు కాదు. గుర్రాలకు పొగ పడదని.

గుర్రాలతో తెలుగే మాట్లాడేవాడు. ఒకసారి రాజ్‌కోట్ వైపు వాళ్లు మా గుర్రాన్ని తోలుకుపోయి రెండో రోజు ఫోను చేశారు. “అరే బాపూ, ఎంత లాగినా ఆగడం లేదు!” చిన్నబాపు, “ఆగవే అవ్వా, అను” అన్నాడు. ఆ మనిషి మూడుసార్లు తప్పు పలికి నాలుగోసారి సరిగ్గా అన్నాడు. ఫోనులో డెక్కల చప్పుడు ఆగిపోవడం మేమంతా విన్నాం. “సూరత్‌ల పుట్టిన మన పోరగాండ్ల కన్న ఇవ్వే నయం. భాష మర్వలే” అని చిన్నబాపు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఇలాంటి మనిషిని నేను తొమ్మిదేళ్లు అనుమానించాను.

చిన్ని రాజవ్వ ఆఖరి కాన్పు, ఆడపిల్ల. మూడేళ్లు నిండినా దానికి తల్లి నడక రాలేదు. అదే రోజుల్లో బాపు ఊపిరి జబ్బుతో మంచం పట్టాడు. రోజూ ఒకే మాట అడిగేవాడు. “చిన్ని నడ్వవట్టిందారా?”

“వస్తదన్నా. తల్లి గూడ బద్ధకందే గదా” అనేవాడు చిన్నబాపు.

నా భర్త పోయాక నేను తోటకే వచ్చేశాను. ఇంటికి పెద్దదాన్ని. తెల్లవారుజామున లేచి దీపం పెట్టి జపానికి కూర్చుంటాను. దేవుడి గూటి పక్క కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. ఆ వానాకాలం ఒకనాడు చిన్నబాపు చిన్నిని చెరుకు వెనక్కి తోలుకుపోవడం చూశాను. మర్నాడూ చూశాను. వెలుగు వచ్చేలోపు తిరిగి వచ్చి బోరు దగ్గర దాని కాళ్లు ఒక్కటే కడిగేవాడు, ఒళ్లు కడిగేవాడు కాదు. ఎవరూ లేచి ఉండరనుకొని చేసే పని మంచిపని కాదనిపించింది. అప్పటి నుంచి నా జపం పెదవుల మీదే ఉండేది. కళ్లు కిటికీ మీద ఉండేవి.

ఒక రోజు చిన్నికి గడ్డి వేస్తూ చూశాను. ఎడమ కాళ్లు రెండింటికీ గిట్టల పైన వెంట్రుకలు అరిగి చర్మం కనిపిస్తోంది.

“కాళ్లకేమైంది చిన్నబాపూ?”

“ఈగలు బిడ్డా.”

ఈగలు ఎడమ కాళ్లనే కుడతాయా అని అడగాల్సింది. మా ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగితే రెండోసారి అడగం. చెప్పింది విని తల వంచుకుంటాం. నేనూ తల వంచుకున్నాను, చూడటం మాత్రం మానలేదు.

మూడు నెలలకు చిన్ని నడిచింది. బాపు మంచాన్ని షెడ్డు ముందుకు తెచ్చారు. చిన్నబాపు చిన్ని మీదెక్కి, నిండు చెంబు చేత పట్టి మంచం చుట్టూ మూడుసార్లు తిప్పాడు. చుక్క కింద పడలేదు. బాపు నా చెయ్యి పట్టుకొని, “తాడు గట్టని బిడ్డ. జూస్తివా?” అన్నాడు. నేను చిన్నబాపు వైపు చూశాను. ఆయన గుర్రం మెడ వైపు చూస్తున్నాడు. ఎనిమిదో రోజున బాపు పోయాడు.

అమ్ముకోవడానికే ఇదంతా చేశాడనుకున్నాను. కానీ చిన్ని కోసం ఎవరొచ్చినా ఆయన తిప్పి పంపేవాడు. ఒకరికి కాలు బాగాలేదన్నాడు. ఇంకొకరికి కరుస్తుందన్నాడు. మూడో ఆయనకు దాని నక్షత్రం మంచిది కాదన్నాడు. మగగుర్రం దగ్గరికి కూడా పోనివ్వలేదు. నా అనుమానం పెరిగింది. లోపల ఎవరికో మాట ఇచ్చి ఉంచాడా? ఆయన ఫోను మాట్లాడుతుంటే గిన్నెలు తోమడం ఆపి వినేదాన్ని. వారానికోసారి, ఆయన బజారుకు పోయినప్పుడు, చిన్ని కాళ్లు పట్టి వెంట్రుకలు తడిమి చూసేదాన్ని. దేవుడి ముందు కూర్చుంటే ఆయన ముఖమే కళ్ల ముందుకు వచ్చేది. తమ్ముడికి నా అనుమానం తెలియదు, అయినా విసుక్కునేవాడు. “ఈ ముసలాయన గుర్రాన్ని ముందల వెట్టుకొని పూజ జేస్తడా ఏంది?”

పోయినేడు వానాకాలంలో, చిన్నబాపు చుట్టాల పెళ్లికని ఊరికి పోయిన వారంలో, తమ్ముడు చిన్నిని మంచి మగగుర్రం దగ్గరికి తోలుకుపోయి తెచ్చాడు. తిరిగి వచ్చి సంగతి తెలుసుకున్న చిన్నబాపు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నేను గుర్రాలకు శనగలు నానబోస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“పెద్దబిడ్డా, చిన్నికి నేను తాడు గట్టిన.”

“తెలుసు” అన్నాను.

“అన్న పొయ్యేముందు జూస్తనన్నడు. దానికి నడక రాకపాయె. ఇగ నేనేం జెయ్య?”

“మరి ఇన్నేండ్లు దాన్ని ఎందుకు కట్టిపడేసినవ్? పిల్లను ఎందుకు కననియ్యలే?”

“పిల్లకు గూడ నడక రాకుంటే అన్న మాట వోతది. పిల్లే లేకుంటే పోదు గదా.” కొన్ని శనగలు తీసి అరచేతిలో వేసుకున్నాడు. “కట్టకపోతే చిన్నికి నడక దానంతట అదే వచ్చునో, రాకపోవునో. ఒకపారి తాడు వడ్డంక ఇగ ఎవలికీ తెల్వది బిడ్డా.”

“నాకు ముందే ఎందుకు చెప్పలే?”

“నువ్వడిగితే చెప్దామనుకున్న. అడగకపోతివి. కిటికీలకెళ్లి చూసుకుంటనే ఉంటివి.”

నేను చూస్తున్నానని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ ఏనాడూ కిటికీ వైపు తల ఎత్తలేదు.

ఇక్కడితో నా మనసు తేలికపడిందని రాస్తే బాగుంటుంది. కాలేదు. తమ్ముడు చిన్నిని ఎక్కడ అమ్మేస్తాడోనని, నా చేత వాణ్ణి ఆపించడానికి ఈ కథ చెప్పాడా అని ఆ సాయంత్రమే అనిపించింది. ఆ తరువాత పది నెలలకు పైగా ఒకే పొయ్యి దగ్గర తిన్నాం. రెండో మాట నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అందుకే ఆ రోజు ఫోనులో నా నోట అదే వచ్చింది. ఎవరు వచ్చారు, ఏం మాట్లాడి పోయారు అని. తరువాత ఆరా తీశాను కూడా. ఎవరూ రాలేదు. గుండె ఆగింది, అంతే.

ఆయన పోయిన మూడో వారంలో చిన్ని ఈనింది. ఆడపిల్ల.

నెల మాసికం అయిన వారానికి అమ్రేలీ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తల్లినీ పిల్లనూ కలిపి అడిగాడు. తాడెరుగని వంశమని తమ్ముడు ఆయనకు ముందే చెప్పి ఉంచాడు. తమ్ముడు అబద్ధమాడలేదు. వాడికి తెలియదు. ఆ పెద్దమనిషి టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అక్కను పిలిచినట్టు బెన్ అని పిలిచి, హిందీలో నన్ను అడిగాడు. “బెన్, ఇంటికి పెద్ద మీరు. మీ నోటితో ఒకసారి చెప్పండి.”

గోడ మీద బాపు ఫొటో పక్కనే చిన్నబాపు ఫొటో ఉంది. మాసికానికి వేసిన దండ ఇంకా తీయలేదు. నిజం చెబితే ఇద్దరి మాటా పోతుంది. చెప్పకపోతే రేపటి నుంచి నేను దీపం ముందు కూర్చోలేను.

“చిన్నికి తాడు కట్టాం” అన్నాను.

“అక్కా!” తమ్ముడు లేచి నిలబడ్డాడు. “ఏం మాట్లాడుతున్నవే?”

పెద్దమనిషి చేత్తోనే వాణ్ణి కూర్చోమన్నాడు. “ఎన్నాళ్లు కట్టారు?”

“మూడు నెలలు.”

“ఎన్నేళ్లయింది?”

“తొమ్మిది.”

“మధ్యలో మళ్లీ కట్టలేదా? చెప్పకుండా కట్టి ఉండొచ్చు కదా?”

“లేదు. ఒక్కసారి కూడా లేదు” అన్నాను. అంత గట్టిగా చెప్పగల మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ప్రతి వారం దాని కాళ్లు తడిమినదాన్ని నేనే కదా. చిన్నబాపును పట్టుకోవాలని చూసిన చూపు ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి పనికొచ్చింది.

పెద్దమనిషి తల ఊపాడు. “తాడుతో నేర్పిన నడక ఏడాదిలో చెడుతుంది బెన్. మళ్లీ మళ్లీ కట్టాలి. ఇన్నేళ్లు నిలిచిందంటే అది దానిలోనే ఉండి ఉండాలి. రాబోయేదాన్ని మీవాళ్లు తొందరపెట్టారేమో.”

వినడానికి ఎంత బాగుందో. కానీ కొనడానికి వచ్చినవాడు గుర్రంలో తప్పు వెతుకుతాడు గానీ ఇలా వెనకేసుకొస్తాడా? ఆయన ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. పిల్ల నడక తేలేదాకా తల్లినీ పిల్లనూ అమ్మేది లేదని చెప్పాను. పిల్లకు తాడు కట్టేది లేదని కూడా చెప్పాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, “ముందే నాకు జెప్తే నీదేం వోయేది?” అన్నాడు. అడిగితే చెప్పేదాన్ని అనబోయి ఆగాను.

నిన్న మధ్యాహ్నం వాన వెలిశాక చిన్నినీ పిల్లనూ బయటికి వదిలాను. ఏదో చప్పుడుకు బెదిరి రెండూ బోరు పక్కనుంచి షెడ్డు వైపు పరుగెత్తాయి. పిల్ల కాళ్లు చూద్దామనుకునేలోపే అయిపోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే బురదలో అడుగులు పడి ఉన్నాయి. తల్లివి పెద్దవి, పక్కనే పిల్లవి, టీ గ్లాసు మూతి అంతవి. ఒకచోట ఒక పక్కవి రెండూ జోడుగా సాగినట్టే ఉన్నాయి. ఇంకోచోట చెదిరిపోయాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని మొదటి నుంచి చివరిదాకా నడిచి చూశాను. మళ్లీ చూశాను.

“ఇదేం నడక చిన్నబాపూ?” అని పైకే అడిగాను.

అవతల షెడ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. చిన్న అడుగుల్లోకి నీళ్లు ఒక్కొక్కదానిగా ఊరుతున్నాయి.