రెండో డిస్క్

గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో, అల్ కుసైస్ గదిలో నా మంచం కింద సూట్‌కేసు నిండా అంతరిక్ష సినిమాల డీవీడీలే ఉండేవి. దొంగ కాపీల్లో రెండో డిస్క్ ఉండదని ఒరిజినల్సే కొనేవాణ్ణి. సెలవు మీద ఊరెళ్తున్న రూమ్మేట్ ఒకటి అడిగితే, సినిమా ఉన్న డిస్క్ ఇచ్చేసి, షూటింగ్ ముచ్చట్లున్న రెండోది ఉంచుకున్నాను.

"అసలుది ఇచ్చి ఉత్తది పెట్టుకున్నవేంది భాయ్?" అన్నాడు.

ఏది అసలుదో అతనికేం తెలుసు! సినిమాలో వ్యోమగామి చీకట్లో ఒక్కడే తేలుతుంటాడు. రెండో డిస్క్‌లో అతన్ని తాళ్లతో పట్టుకున్నవాళ్లు, అట్టముక్కలతో నౌక కట్టినవాళ్లు ఒకర్నొకరు ఆటపట్టించుకుంటూ కనిపిస్తారు. మధ్యలో అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు.

శుక్రవారం సెలవు రోజున గదిలోవాళ్లంతా తమవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాక, రెండో డిస్క్ పెట్టుకుని, సరిగ్గా అది ఆ భోజనాల దగ్గరికి వచ్చినప్పుడే నేనూ కంచం ముందు పెట్టుకునేవాణ్ణి.