బట్టీ పెద్దమ్మ తీసేసిన రేకు

బిస్కెట్ల బట్టీ ముందు నిలబడితే ఆవిడకి ఎదురులేదు. వీధి వీధంతా ఆవిడని బట్టీ పెద్దమ్మ అనే పిలుస్తారు. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే అత్తగారు సెగ పడక పక్కకి తప్పుకుంటే, కొంగు బిగించి ఆ చోట నిలబడింది. ఇప్పటికీ కదల్లేదు. మంట రంగు చూసి, చప్పుడు విని, ట్రే ఎప్పుడు తియ్యాలో చెప్పేస్తుంది. గోడకి గడియారం ఉంది గానీ దాని మొహం చూసిన పాపాన పోలేదు. బట్టీ కింద మంట కనబడే చిన్న తలుపుంటుంది. దాని దగ్గరికి ఎవరినీ రానివ్వదు, కట్టుకున్నవాణ్ణి కూడా. ఆ మొండితనం, ముక్కు మీది కోపం పక్కన పెడితే బంగారం లాంటి మనిషి. పక్కన పెట్టడమే కష్టం.

పిండి పని తోడికోడలిది. మాట తక్కువ, చెయ్యి నిదానం. బేకరీని నిలబెట్టింది ఈ ఇద్దరు ఆడవాళ్ళే. అన్నదమ్ములిద్దరూ సరుకు తేవడం, దుకాణాలకి చేర్చడం చూసుకుంటారు.

ఆ వారం బట్టీకి ఏదో రోగం పట్టింది. కుడివైపు బిస్కెట్లు మసిబారి మాడుతున్నాయి, ఎడమవైపువి పాలిపోయి పచ్చిగా వస్తున్నాయి. పెద్దమ్మ తన మంటని అనుమానిస్తుందా? ఇంకా నయం! "పిండి సరిగ్గా కలవట్లేదు, కలిపే చేతికి ఒళ్ళు వంగట్లేదు" అని రోజూ అందరి ముందూ తోడికోడలి మీద నిప్పులు చెరిగింది.

చివరికి ఒక పొద్దున్న తోడికోడలు ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది.

"ఇక నావల్ల కాదక్కా. వెనక వీధి బేకరీవాళ్ళు రమ్మంటున్నారు. రేపట్నుంచి అక్కడికే పోతాను."

"పోవే, ఎవరొద్దన్నారు?" అనేసింది పెద్దమ్మ. అన్నాక గానీ ఆవిడకి తట్టలేదు. ఆ చేతి పిండి లేకపోతే తన మంటకి పనేముంది? పైగా పొద్దస్తమానం ఎవరితో పోట్లాడాలి? ఈ మనిషి లేని బేకరీని తలుచుకుంటేనే ఆవిడకి భయం వేసింది.

గుమ్మం దగ్గర తోడికోడలు వెనక్కి తిరిగింది. "ఒక్కమాట. ఉప్పు కొలత ఎంత సరిగ్గా వేసినా, కలపకపోతే ఒక బిస్కెట్ ఉప్పగా, ఒకటి చప్పగా ఉంటుంది. ఏదీ, కుడివైపుదీ ఎడమవైపుదీ కొరికి చూడు."

కొరికింది. మాడు సంగతి అటుంచితే ఉప్పు రెండింట్లోనూ ఒకటే.

"కొలత సరిగ్గా ఉన్నా, కలవకపోతే..." అని గొణుక్కుంటూ పెద్దమ్మ వంగి చిన్న తలుపులోంచి చూసింది. గాలీ గ్యాసూ ఒకే గొట్టంలో కలిసి, అక్కడ కుడి ఎడమలకి చీలి, వరస రంధ్రాల దగ్గర మండాలి. కానీ గ్యాసు ఎక్కువగా కుడివైపుకే పోతోంది. అటు మంట పసుపుపచ్చగా, పొడుగ్గా, మసి కక్కుతోంది. ఎడమవైపు గాలి ఎక్కువై, పల్చటి నీలిమంట రంధ్రాల్ని వదిలి పైకి లేచి వణుకుతోంది. కొన్నిచోట్ల ఆరిపోయి, పక్క మంట తగిలి టప్పుమని మళ్ళీ అంటుకుంటోంది. బట్టీ మొత్తం మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఆయాసపడుతోంది. వారమంతా ఆవిడ చేసిందేమిటి? గ్యాసు పెంచితే కుడివైపు మసి, తగ్గిస్తే ఎడమవైపు ఆరిపోవడం. మొత్తం మీద గాలికి తగ్గ గ్యాసే వస్తోంది, ఆ రెండూ కలవట్లేదు.

అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. వారం కింద గొట్టం కడిగిన రోజున లోపలున్న మెలికల రేకుని "ఇదొకటి, గాలికి అడ్డం" అని తీసేసింది తనే. తీశాక మంట హోరు పెరిగితే, బలం వచ్చిందని మురిసిపోయింది కూడా. రేకు ఇప్పుడు కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపి ఉంది.

"ఆగవే!"

గ్యాసు కట్టేసింది. తలుపులన్నీ తెరిచి, లోపలిదంతా పోయేదాకా గాలి ఆడనిచ్చింది. గొట్టం చల్లారాక రేకుని దాని చోట బిగించింది. ఇక గాలీ గ్యాసూ ఆ మెలికల్లో పడి సుళ్ళు తిరిగి కలవాల్సిందే. వెలిగిస్తే రెండు వైపులా ఒకే ఎత్తు, ఒకే నీలం. మంట రంధ్రాల్ని అంటిపెట్టుకుని సన్నగా, ఆగకుండా పలికింది.

బట్టీ చెడింది, బాగుచేశాను అని చేతులు దులుపుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ సరుకెక్కించడానికి అన్నదమ్ములు రాగానే ఆవిడ కుండబద్దలు కొట్టేసింది.

"పిండిలో ఏ లోపమూ లేదు. రేకు తీసి చెడగొట్టింది నేను. దీన్ని మీ ముందు తిట్టాను గనక మీ ముందే చెప్తున్నా."

మరిది నోరెళ్ళబెట్టాడు. "తప్పు నీదా వదినా?"

"మంట నాదన్నప్పుడు మసి ఇంకెవరిదయ్యా?"

తోడికోడలు కొక్కెం మీంచి ఏప్రన్ తీసింది గానీ కట్టుకోలేదు. "రేపు మళ్ళీ పిండి కలవలేదని అనవా?"

"అంటాను. నా నోటి సంగతి నీకు తెలీదూ? అన్నప్పుడు ముందు వచ్చి మంట చూడు."

ఆ మాట అని పెద్దమ్మ చిన్న తలుపు ముందునుంచి పక్కకి జరిగింది. తోడికోడలు ఏప్రన్ ముడేసుకుంటూ వచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి, వంగి ఆ మంటని చూసింది.