పొగ తగలని పార కామ

మొన్న తొలకరి వానకు కొబ్బరి చెట్ల పాదులు సరిచేస్తుంటే పార కర్ర, అదే కామ, మెడ దగ్గర పుటుక్కున విరిగింది. కూలి మనిషిని పిలవచ్చు. కానీ తోటపని కూడా ఇంకొకరికి వదిలేస్తే, పొద్దున్నే లేచి నేను చేయాల్సిందేమీ మిగలదు.

ఇంట్లో కొత్త కామ ఉంది. మా ఆయన పోయే ముందు చెక్కినది. నల్లతుమ్మ కొమ్మ కొట్టి, పెరటి గుంటలో నానేసి, పస దిగాక ఆరబెట్టి, పొయ్యి పైన దూలానికి కట్టారు. మా వైపు కామలన్నీ అక్కడే ఆరేవి. పొగ పట్టిన కర్రకు పురుగు రాదు. పాతది ఉండగా కొత్తది వాడటం దండగని నేనే దాన్ని దించలేదు.

స్టూలెక్కి తాళ్లు విప్పాను. కర్ర చేతికి బరువే అనిపించలేదు. కొంగు మీద సన్నటి పొడి రాలింది. దులిపి, తుడిచి, వడ్రంగి దగ్గరకు పట్టుకెళ్లాను.

అతను దాన్ని నిలువుగా పట్టి రాతి మీద కొట్టాడు. మంచి కామైతే ఖంగుమంటుంది. ఇది డొల్లగా మోగింది.

"పుచ్చిపోయిందండీ, మామ్మగారూ."

"ఇన్నాళ్లూ పొయ్యి మీదే ఉందయ్యా."

"పొయ్యి వెలిగిస్తున్నారాండీ?"

ఆయన పోయాక ఒక్కదానికి కట్టెలెందుకని గ్యాసు మీదే గుప్పెడు బియ్యం ఉడకేసుకుంటున్నాను. పైన కర్ర పొగ లేకుండా వేలాడుతోందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"పుచ్చితే పుచ్చింది. తగిలించు. నేనేమన్నా చెరువు తవ్వుతానా?"

"తగిలిస్తానండీ, ఆయ్. విరిగి పార కాలి మీద పడితే ఇంట్లో చూసేదెవరండీ?"

"నా కాలు నేను చూసుకుంటాను. నువ్వు కర్ర సంగతి చూడు."

అన్నానే గానీ, గోడకు ఆనించిన కొత్త కామల వైపు నడిచాను. ఒకదానికి నడిమధ్య ముడి ఉంది. ఇంకోదాని చెక్కలో నార పోగు అడ్డంగా పోయింది, అది బరువుకు ఆగదు. మరోటి ఒక కన్ను మూసి చూస్తే వంకర.

"పెళ్లిచూపులాండీ మామ్మగారూ?" అన్నాడు.

"మొగుడు వంకరైతే సర్దుకోవచ్చు. కామ వంకరైతే నడుం పోతుంది."

చివరికి పోగు నిలువునా సాగినది ఒకటి దొరికింది. అతను దాన్ని పారకు బిగించి, చీల కొట్టి ఇచ్చాడు. పుచ్చినదాన్ని అక్కడే వదిలేయవచ్చు. రెండూ భుజాన వేసుకుని గట్టు మీదుగా ఇంటికి నడిచాను. దారిలో ఎవరూ ఎదురుకాలేదు.

సాయంత్రం ఒక చెట్టు పాదు కట్టాను. కామ ఇంకా నునుపెక్కలేదు, అరచేయి బొబ్బెక్కింది. వెలుతురు ఉంది, ఓపికా ఉంది. అయినా పార కడిగి లోపల పెట్టాను. పక్క చెట్టును రేపటికి ఉంచుకున్నాను.