పోలండ్ ఆటగాడి మోకాలు

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నేనూ మా ఆవిడా కూర్చున్నాం. నా పక్కనున్న తెల్లాయన, చాయ్ కొట్టులో అడిగి ఐసు ముక్కలు తెచ్చి, తువ్వాల్లో చుట్టి మోకాలికి అదుముకున్నాడు. నేను బొల్లారంలో ఒక బడిలో డ్రిల్లు మాస్టర్ని. వాచిన మోకాలు కనబడితే ఊరుకోలేను. ఏమైందని అడిగాను.

అతనిది పోలండ్. ఫుట్‌బాల్ ఆడుతూ పదకొండేళ్లలో ఆరు దేశాలు తిరిగాడు. మరునాడు పొద్దున ఇంకో ఊళ్లో కొత్త క్లబ్బు డాక్టరు పరీక్ష చేస్తాడట. అందులో నెగ్గితేనే సంతకం.

"ముప్పై నాలుగేళ్లవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు" అన్నాడు ఇంగ్లీషులో.

మాటిమాటికీ గడియారం చూస్తున్నవాడు, ఉన్నట్టుండి తువ్వాలు తీసేసి లేచాడు. "నేను నడుస్తాను, చూసి చెప్పండి" అని తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "కుంటుతున్నట్టు తెలుస్తోందా?"

తెలుస్తోంది. కుడికాలి మీద బరువు మోపడం లేదు. అలా నడిచే పిల్లాణ్ణి నేనైతే ఈల వేసి గ్రౌండు బయట కూర్చోబెడతాను. కానీ అతను ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తున్నాడు.

"అస్సలు తెలియట్లేదు" అన్నాను.

నా చెయ్యి గట్టిగా నొక్కి, బ్యాగు భుజాన వేసుకుని రైలుకు వెళ్లిపోయాడు. అంతసేపూ పక్కనే ఉండి వింటున్న మా ఆవిడ మెల్లగా అడిగింది.

"గ్రౌండుల మన పిల్లలకు సుత గిట్లనే చెప్తరా ఏందీ?"

అతను పరీక్ష నెగ్గాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ఏ పిల్లాడైనా "ఏం కాలె సార్, ఆడుతా" అంటే నడిచి చూపించమంటాను. మోకాలి వైపే చూస్తాను. మొహం వైపు చూడను.